నిండు తూకము – ఖాళీ తూకము

చెన్నపట్టణపు తెలుగు కుటుంబములలో లోహములను గూర్చిన చర్చ క్రొత్తది కాదు. పులుసును అల్యూమినియపు గిన్నెలో రాత్రి యెల్ల ఉంచరాదనియు, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు కాచరాదనియు, పలుచని స్టీలు గిన్నెలో పాలు త్వరగా అడుగంటుననియు మన ఇండ్ల స్త్రీలు ఏ రసాయన శాస్త్రమును చదువకయే ఎఱుగుదురు. ఏ వంటకు ఏ పాత్ర తగునో వారికి తెలియును. అందుచేతనే ఒక ఇంటి వంటగదిలో నాలుగు లోహముల పాత్రలు ఒకే బల్లపై కలహింపక కూర్చుండియుండును.

ఆ అల్యూమినియమే, ఆ ఉక్కే సముద్రపు అడుగున మనుష్యుని వీపుపై అతడు పీల్చు గాలిని మోయు పాత్రలైనప్పుడు వానిలో దేనిని ఎన్నుకొనవలెను? ఈ ప్రశ్న మన సంఘపు సంచికలో చర్చింపదగినదా యని కొందఱు శంకింపవచ్చును. మన పిల్లలు నేడు ఏయే దేశములలో, ఏయే నీళ్ళలో దిగుచున్నారో తలంచినచో ఆ శంక నిలువదు.

మా చెల్లెలి కుమారుడు ఉద్యోగ రీత్యా అమెరికాలోని సియాటిల్ నగరమున నివసించుచున్నాడు. సెలవులలో ఒకమారు అండమాను దీవులకు పోయినప్పుడు స్కూబా అను ఈ నీటి విద్యను అభ్యసించెను. అచ్చటి సముద్రము గోరువెచ్చనిది. పలుచని దుస్తులు, అద్దెకు తెచ్చిన అల్యూమినియపు సిలిండరు చాలినవి. సియాటిల్ ప్రక్కనున్న పూజెట్ సౌండ్ అను సముద్రపు పాయలో సంగతి వేఱు. చలికాలమున అచ్చటి నీరు 7, 8 డిగ్రీల సెల్సియసునకు దిగును. వేసవిలో సైతము లోతున 13 డిగ్రీలు దాటుట అరుదు. మన చెన్నై సముద్రము ఏడాది పొడుగునను 25 మొదలు 30 డిగ్రీల వఱకు ఉండును. ఆ చల్లని నీట దిగుటకు అతడు సొంత సిలిండరు కొనదలచి, అల్యూమినియమా ఉక్కా అని తర్కించుకొనుచు ఆ మాట తల్లితో టెలిఫోనులో ప్రస్తావించెను.

మా చెల్లెలు మా యింటికి వచ్చి, "అన్నయ్యా, ఏ సిలిండరైతే నా బిడ్డ పైకి వస్తాడో అదే కొనమని చెప్పు" అనెను.

ఆ ఒక్క వాక్యములో తల్లి హృదయమంతయు ఉన్నది. ఆమె భర్తను కోల్పోయినది, ఆ కుమారుడొక్కడే ఆమెకు దిక్కు. "వలదు, మానుకొను" మని చెప్పుట మాకు సులభమే. కాని ముప్పది దాటిన పిల్లవాడు అట్టి మాటను విని ఊరకుండును, ఆ పైన ఏ నీట దిగినను మనతో చెప్పడు. అది మఱింత ప్రమాదము. అందుచేత విషయమును తెలిసికొనుటయే మంచిదని నిశ్చయించితిమి. మేనల్లుడు పంపిన తయారీదారుల పట్టికలను చదివితిమి. పుదుచ్చేరిలో ఈ విద్యను నేర్పువారి నొకరిని కలిసి ప్రశ్నలడిగితిమి. సరకుల గిడ్డంగి లెక్కలు వ్రాసి పదవీ విరమణ చేసిన మాకు తూకములతో పరిచయము కలదు. ఈ వ్యవహారమంతయు చివరకు తూకముల లెక్కయే యని తేలినది.

మొదట ఒక సందేహమును తీర్చవలెను. దీనిని ఆక్సిజన్ సిలిండరని పత్రికలవారు సైతము వ్రాయుదురు. వినోదమునకై మునుగువారి సిలిండరులో సామాన్యముగా ఉండునది మనము పీల్చు గాలియే. దానిని రెండువందల రెట్లు అదిమి నింపుదురు. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో అను నావికాదళాధికారియు, గాన్యాఁ అను ఇంజనీరును కలిసి, మునిగిన లోతునకు తగినంత ఒత్తిడితో ఆ గాలిని నోటికి అందించు రెగ్యులేటరును రూపొందించిరి. నాటి సిలిండర్లు ఉక్కువి. అల్యూమినియపు సిలిండర్లు తరువాత వచ్చి, వెచ్చని సముద్రములందు అద్దె దుకాణములనెల్ల ఆక్రమించినవి.

అల్యూమినియమన్నచో చెన్నపట్టణమునకు కొంత చుట్టరికము కలదు. 1850లో స్థాపితమై, నేడు ప్రభుత్వ లలితకళా కళాశాలగా పిలువబడుచున్న ఇచ్చటి ఆర్ట్స్ స్కూలులో, 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు అల్యూమినియముతో పాత్రలు చేయించు పని నారంభించెను. 1903లో ఆ పని ఇండియన్ అల్యూమినియం కంపెనీ చేతికి పోయినది. తేలిక, చౌక, కళాయి అక్కఱలేనిది అను గుణములచేత ఆ పాత్రలు బీదల యిండ్లలో ప్రవేశించినవి. ఇక ఉక్కన్నచో, 1966లో విశాఖ ఉక్కు కర్మాగారమునకై జరిగిన ఉద్యమమును విన్న తెలుగువారికి ఆ మాటయే ఒక అభిమానము. మా చెల్లెలు సైతము "ఉక్కే గట్టిది కదా" అని ముందే తీర్పు చెప్పినది. కాని నీటిలో అభిమానములు చెల్లవు. అచ్చట చెల్లునది ఆర్కిమెడీసు సూత్ర మొక్కటియే: ఒక వస్తువు ఎంత నీటిని తొలగించునో, అంత నీటి బరువుతో నీరు దానిని పైకి నెట్టును.

ఆ సూత్రము ప్రకారము లెక్క వేయుదము. వెచ్చని సముద్రములలో విరివిగా వాడు అల్యూమినియపు సిలిండరు లోపలి కొలత 11.1 లీటర్లు, బరువు సుమారు 14 కిలోలు. ఉక్కు సిలిండరు 12 లీటర్లది తీసికొన్నను దాని బరువు సైతము సుమారు 14, 15 కిలోలే. అల్యూమినియము తేలిక లోహము కదా, బరువు ఏల తగ్గలేదని ప్రశ్నింపవచ్చును. ఉక్కు కంటె దానికి బలము తక్కువ. అంత ఒత్తిడిని ఆపుటకు దాని గోడలను దళసరిగా చేయవలసి వచ్చును. నీటికంటె అల్యూమినియము 2.7 రెట్లు, ఉక్కు ఇంచుమించు 7.8 రెట్లు బరువైనవి. కావున 14 కిలోల అల్యూమినియము ఐదు లీటర్లకు పైగా చోటును ఆక్రమించును, అంతే బరువు గల ఉక్కు రెండు లీటర్ల చోటును సైతము ఆక్రమింపదు. నేలపై రెండును సమానముగా వీపును నొక్కును. నీటిలో మాత్రము లావైన అల్యూమినియమును నీరు ఎక్కువగా పైకి నెట్టును.

ఇక లోపలి గాలి. గాలికి బరువున్నదని మనము మఱచిపోవుదుము. ఒక లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు తూగును. పై అల్యూమినియపు సిలిండరులో అదిమి నింపిన గాలి రెండువేల లీటర్లకు మించి యుండును, అనగా సుమారు రెండున్నర కిలోలు. మునిగినవాడు పీల్చి విడిచిన కొలది ఆ బరువు తగ్గుచు వచ్చును. గిడ్డంగిలో సరుకు తూచునపుడు మొత్తము తూకము, ఖాళీ డబ్బా తూకము, సరుకు తూకము అని మూడు గడులు వ్రాయుదుము. ఇచ్చటను అంతియే. సముద్రపు నీటిలో అల్యూమినియపు సిలిండరు నిండియున్నపుడు సుమారు ముప్పావు కిలో బరువుతో మునుగును, ఖాళీ యగునప్పటికి సుమారు రెండు కిలోల బలముతో తేలును. ఉక్కు సిలిండరు నిండియున్నపుడు మూడు, నాలుగు కిలోల బరువుతో మునుగును. తయారీని బట్టి కొంత తేడా యున్నను, సాధారణముగా ఖాళీ యైనను పైకి లాగదు.

ఈ పట్టికను చూచిన క్షణమున మాకు చెల్లెలి మాట జ్ఞాపకము వచ్చినది. "ఏ సిలిండరైతే పైకి వస్తాడో" అన్నది ఆమె ప్రశ్న. పైకి తెచ్చునది అల్యూమినియమే. చివరికి అది తనంతట తానే పైకి లాగును. మఱి అదియే మంచిది కావలెను గదా? కాదు. ఇచ్చటనే ఈ విద్యలోని కీలక మున్నది.

లోతున అధికమైన ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తములోను, కండలలోను కరగును. మెల్లగా పైకి వచ్చినచో అది ఊపిరితో వెడలిపోవును. తటాలున వచ్చినచో, మూత తీసిన సోడా సీసాలోవలె బుడగలు లేచి, కీళ్ళను, ఒక్కొక్కప్పుడు వెన్నుపామును దెబ్బతీయును. ఊపిరి బిగబట్టి పైకి లేచినవానికి ఊపిరితిత్తులే చిట్లవచ్చును. అందుచేత పైకి వచ్చునపుడు సుమారు ఐదు మీటర్ల లోతున మూడు నిమిషములు కదలక నిలువవలెనని ఈ విద్య నేర్పువారు నియమము పెట్టిరి. ఆ మూడు నిమిషములు వచ్చునది ఎప్పుడు? సిలిండరు ఖాళీ యగుచున్నప్పుడు, ఒడలు చలికి వణకుచున్నప్పుడు, వ్రేళ్ళు మొద్దుబాఱినప్పుడు. ఆ సమయమున వీపు మీది సిలిండరు రెండు కిలోల బలముతో పైకి లాగుచున్నచో నిలుకడ ఎట్లు కుదురును? పైకి వచ్చుట యెంత ముఖ్యమో, మెల్లగా వచ్చుటయు అంత ముఖ్యము. కనుక సిలిండరును నిండియున్నపుడు కాక, ఖాళీ యగునపుడు పరీక్షింపవలెను. గడచిన జీవితమును తలంచుకొన్నను, మనుష్యుల స్నేహములను తలంచుకొన్నను ఈ నియమము చెల్లునని తోచును గాని, మన విషయము సిలిండరు గనుక దానికే వత్తుము.

అల్యూమినియము వాడువారు దీనికి ఉపాయముగా నడుమునకు సీసపు బిళ్ళలు అధికముగా కట్టుకొందురు. వెచ్చని నీటిలో ఇది బాధ కాదు. చల్లని నీటిలో ఏమగునో చూడుడు. 7 మిల్లీమీటర్ల దళసరి రబ్బరు సూటో, లోనికి నీరు చొరనీయని డ్రైసూటో తొడుగక తప్పదు. ఆ రబ్బరులో సన్నని గాలి బుడగలున్నవి, డ్రైసూటులో గాలియే యున్నది. రెండును మనిషిని బెండువలె తేల్చును. వానిని ముంచుటకే పది కిలోల దాపున సీసము కావలసిన సందర్భము లున్నవి. దానిపై అల్యూమినియమునకై మఱి రెండు కిలోలు చేర్చవలెను. ఉక్కు సిలిండరు ఆ రెండు, మూడు కిలోల సీసమును తప్పించును. రాళ్ళ గట్టు మీదుగా నీటి యొద్దకు నడుచువాని నడుమునకును, మోకాళ్ళకును ఆ తేడా తెలియును. చల్లని దేశములవారు ఉక్కును మెచ్చుటకు ఇదియే ప్రధాన కారణము.

ఇట్లని ఉక్కునకే పట్టము కట్టరాదు. మన్నారు సింధుశాఖలో పూర్వము ముత్యపు చిప్పలకై మునిగినవారు ఒక రాతిని ఆధారముగా చేసికొని అడుగునకు దిగెడివారు. దిగిన పిమ్మట రాతిని వదలివేసెడివారు, పైనున్నవారు దానిని త్రాటితో లాగుకొనెడివారు. దిగుటకు బరువు కావలెను, ఆపదలో దానిని వదలుటకు వీలుండవలెను. ఈ న్యాయము నేటికిని మాఱలేదు. నడుమునకు కట్టిన సీసమును ఒక్క లాగుతో విప్పి జారవిడువవచ్చును. వీపునకు బిగించిన ఉక్కు బరువును అట్లు విడువలేము, అందులోనే పీల్చు గాలి యున్నది. అంతేకాక, దళసరి రబ్బరు సూటు లోతున ఒత్తిడికి నలిగి పలుచనగును. పది మీటర్ల లోతున ఒత్తిడి రెండింతలగును, సూటులోని బుడగలు ఇంచుమించు సగమునకు కుంచించుకొనును. పైన తేల్చిన సూటు అడుగున తేల్చదు. అప్పుడు గాలి నింపుకొను చొక్కా చెడిపోయినచో, బరువైన ఉక్కుతో రెక్కలు కొట్టుకొని పైకి చేరుట దుర్లభము కావచ్చును. పలుచని దుస్తులతో మునుగు వెచ్చని సముద్రములలో ఉక్కు సిలిండరు అనవసరమైన బరువగుటకు కారణ మిదియే. అండమానులో మంచిదైన అల్యూమినియము సియాటిల్‌లో చిక్కు తెచ్చును, సియాటిల్‌లో మంచిదైన ఉక్కు అండమానులో భారమగును. లోహములు మాఱలేదు, నీరు మాఱినది.

ఈ రెంటికిని సంబంధింపని విషయములను రెండింటిని ఈ సందర్భముననే తెలిసికొంటిమి. చల్లని నీటిలో సిలిండరు ముల్లు తనంతట దిగును. నింపునపుడు వేడెక్కి 40 డిగ్రీలున్న సిలిండరు 200 బారుల ఒత్తిడి చూపినచో, 8 డిగ్రీల నీటిలో దింపగనే అది సుమారు 180 చూపును. గాలి ఎచ్చటికిని పోలేదు, చలికి దాని ఒత్తిడి తగ్గినది, అంతే. ఏ లోహమైనను ఇది తప్పదు. రెండవది, అదిమిన గాలి ఒక్కమారుగా వ్యాకోచించునపుడు మిక్కిలి చల్లబడును. చుట్టును చల్లని నీరే యున్నచో రెగ్యులేటరులో మంచు పట్టి అది తెఱచుకొని నిలిచిపోవచ్చును. అప్పుడు గాలి ఆగక పొర్లిపోవును. కావున 10 డిగ్రీలకు దిగువనున్న నీటికి దానికై చేసిన రెగ్యులేటరునే వాడవలెను. సిలిండరు లోహమును గూర్చి నెల దినములు తర్కించి రెగ్యులేటరును మఱచుట, గిన్నె బేరమాడి పొయ్యి మఱచుట వంటిది.

ఇక మన్నిక. సముద్రపు గాలికి ఇనుప కటకటాలు ఎట్లు పొరలు పొరలుగా రాలునో రాయపురము, తిరువొత్తియూరులలో నివసించువారికి చెప్పనక్కఱలేదు. ఉక్కు సిలిండరునకు బయట జింకు పూత ఉండును. లోపల తేమ చేరినచో త్రుప్పు తినును. కావున పొడిగాలినే నింపవలెను, లోనికి నీరు చొరకుండునట్లు కొంత గాలిని ఎప్పుడును మిగిల్చి ఉంచవలెను, వాడిన పిమ్మట మంచినీట కడుగవలెను. అల్యూమినియము పైన ఏర్పడు పొరయే దానికి కవచము. కాని ఇత్తడి కవాటము బిగించు మరలయొద్ద ఉప్పునీరు నిలిచినచో అదియు తినివేయబడును. 6351 అను మిశ్రమముతో చేసిన పాత అల్యూమినియపు సిలిండర్లలో కొన్నింటికి మెడ యొద్ద బీటలు కనబడుటచేత, తయారీదారులు దానిని విడిచి 6061 అను మిశ్రమమునకు మాఱిరి. చౌకగా వచ్చునని పాతవానిని కొనువారు ఇది గమనింపవలెను. అమెరికాలో ఐదేండ్ల కొకమారు నీటి ఒత్తిడితో సిలిండరును పరీక్షింపవలెనను నియమ మున్నది, ఏటేట లోపలి భాగమును చూపించుట ఆనవాయితీ. మన దేశమున సిలిండర్ల వ్యవహారము 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలకు లోబడి, నాగపూరు కేంద్రముగా గల పెట్రోలియం, ప్రేలుడు పదార్థముల భద్రతా సంస్థ అధీనమున నడచుచున్నది.

సిలిండరు భుజముపై దాని సంఖ్య, ఒత్తిడి పరిమితి, పరీక్ష జరిగిన నెల, సంవత్సరము గట్టిగా ముద్రించి యుండును. మేనల్లుడు పంపిన చిత్రములో ఆ అక్షరములను చూచి మా చెల్లెలు, "మన స్టీలు బిందె మీద పేరు కొట్టించినట్టే ఉందే" అనెను. ఆమె చెప్పినది నిజము. పాత పట్టుచీరలకు స్టీలు పాత్రలు మార్చుకొన్న రోజులలో ఆమె ప్రతి పాత్రపైనను కుటుంబము పేరు, తేదీ తెలుగున చెక్కించెడిది. చెక్కువానికి తెలుగు రాదు, కాగితముపై వ్రాసి యిచ్చిన అక్షరములను బొమ్మవలె చూచి చెక్కెడివాడు. తమిళ నగరమున పుట్టి పెరిగిన ఆ పిల్లవాడు కొన్ని తెలుగు అక్షరములను మొదట గుర్తుపట్టినది ఆ గిన్నెల మీదనే.

మేము తెలిసికొన్నదానిని మేనల్లునకు సలహాగా కాక ప్రశ్నలుగా పంపితిమి. ఖాళీ సిలిండరుతో ఐదు మీటర్ల యొద్ద నిలిచి చూచితివా? నీ సూటు ఏది? చొక్కా చెడినచో ఏ బరువును వదలగలవు, మిగిలిన బరువుతో పైకి ఈదగలవా? రెగ్యులేటరు ఎన్ని డిగ్రీల వఱకు పనిచేయును? నీతో దిగు తోడు ఎవరు? మూడు దినముల తరువాత అతడు అన్నింటికి సమాధానములు వ్రాసెను. మొదట అద్దెకు తెచ్చి రెండు సిలిండర్లను పరీక్షించెననియు, డ్రైసూటుతో ఉక్కునే కొనదలచెననియు, బరువంతయు ఉక్కుపై వేయక కొంత సీసమును విప్పుటకు వీలుగా నడుముననే ఉంచెననియు తెలిపెను. "మామయ్యా, ఇక్కడ నన్ను ఇన్ని ప్రశ్నలు ఎవ్వరూ అడగలేదు" అని చివర వ్రాసెను. ఆ నాటినుండి ప్రతి శనివారము దిగుటకు ముందును, వెలికి వచ్చిన పిమ్మటను తల్లికి ఒక్కొక్క మాట తెలుపుచున్నాడు.

దూర దేశములలో పిల్లలున్న కుటుంబములవారికి మా మనవి ఇంతియే. వారి సాహసములు మనకు తెలియని లోకములోనివని తొలగిపోవలదు. భయముతో వలదనినచో మాట ఆగిపోవును, తెలిసికొని అడిగినచో మాట సాగును. ఏ పాత్ర ఏ వంటకు తగునో ఎఱిగిన ఇంటికి, ఏ సిలిండరు ఏ నీటికి తగునో తెలిసికొనుట కష్టము కాదు.

తీర్మాన మేమైనదని మా చెల్లెలు అడిగినపుడు లెక్కయంతయు వివరించితిమి. ఓపికగా వినినది. తన పద్దుల పుస్తకము వెనుక పుటలో సిలిండరు పరీక్ష జరిగిన నెలను, మఱల జరుగవలసిన సంవత్సరమును వ్రాసికొన్నది. పిదప తలయెత్తి, "మరి వాడు సంక్రాంతికి ఇక్కడికి వచ్చి మన సముద్రంలో దిగుతానంటే?" అనెను.

"ఇక్కడ అద్దె అల్యూమినియమే చాలునమ్మా" అంటిమి. ఆమె ఆ మాటను సైతము క్రింద వ్రాసికొన్నది.